పెద్ద హాల్లో ట్యూబ్ గిటార్ ఆంప్: వాయించడం, రికార్డ్ చేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యూబ్ ఆంప్‌ని (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫైయర్‌ని) గట్టిగా మోగించాలనే కోరిక ఉన్నవాళ్ళకి పెద్ద హాలు దొరకడం అదృష్టమే. ఆడిటోరియం కావచ్చు, ఖాళీ గోడౌన్ కావచ్చు, ఎత్తైన కప్పున్న పాత భవనం కావచ్చు. అయితే అక్కడ ఆంప్ ఆన్ చేసిన కాసేపటికే చాలామందికి నీరసం వస్తుంది. చిన్న గదిలో అదరగొట్టిన టోన్ ఇక్కడ ముద్దగా, ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినిపిస్తుంది. వెంటనే చెయ్యి గెయిన్ (డిస్టార్షన్, అంటే ధ్వని నలిగే గరగర, పెంచే నాబ్) మీదికి పోతుంది. అక్కడే పని చెడుతుంది. హాల్లో ముందు మార్చాల్సింది ఆంప్ ఉన్న చోటు, తర్వాత గెయిన్ (అదీ తగ్గించే వైపు), ఆ తర్వాతే మిగతావి. కింది జవాబులన్నీ ఈ వరుసని నమ్మి రాసినవే.

చిన్న గదిలో బాగున్న ఆంప్ హాల్లో వేరేగా ఎందుకు వినిపిస్తుంది?

రెండు కారణాలున్నాయి, రెండూ గది కొలతల నుంచి వచ్చేవే.

మొదటిది బేస్. 4 మీటర్లు, 3 మీటర్లు, 2.7 మీటర్ల గదిలో సుమారు 220 హెర్ట్జ్ కింద ప్రతి స్వరానికీ గది తన ఇష్టం వచ్చినట్టు స్పందిస్తుంది. ఒక స్వరం ఉబ్బిపోతుంది, పక్క స్వరం మాయమవుతుంది. గిటార్ మందర తీగ (E స్వరం) 82.4 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి, మీ గిటార్ కింది సప్తకం మొత్తం ఈ గందరగోళంలోనే ఉంటుంది. 15 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తున్న హాల్లో, రివర్బ్ (ధ్వని సద్దుమణగడానికి పట్టే కాలం) 1.8 సెకన్లు ఉంటే, ఆ హద్దు 90 హెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది. అంటే గిటార్ దాదాపు మొత్తం ఆ హద్దుకి పైనే ఉంటుంది. బేస్ సమంగా, సహజంగా వస్తుంది. ఇంట్లో గది ఉబ్బించి చూపించిన బేస్‌కి చెవి అలవాటుపడి ఉంటుంది కాబట్టి, ఇదే మొదట పల్చగా అనిపిస్తుంది.

రెండోది దూరం. ఆంప్ నుంచి నేరుగా వచ్చే ధ్వని, గోడలకి తగిలి తిరిగొచ్చే ధ్వని సమానమయ్యే దూరం ఒకటుంటుంది. పైన చెప్పిన హాల్లో, అన్ని దిక్కులకీ సమానంగా మోగే వస్తువుకి అది 1.3 మీటర్లే. గిటార్ క్యాబ్ (స్పీకర్లుండే పెట్టె) ముందువైపుకే ఎక్కువ కొడుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ, రెండు మూడు మీటర్లు అనుకోండి. అది దాటాక మీరు వినేది ఎక్కువగా హాలునే. ఐదు మీటర్ల దూరంలో నిలబడి "ఆంప్‌లో పదును లేదు" అనుకుంటూ ట్రెబుల్ పెంచేవాళ్ళు నిజానికి హాలుని సరిచేయబోయి ఆంప్‌ని పాడుచేస్తున్నారు. సెట్టింగులు పెట్టేటప్పుడు ఒకసారి రెండు మీటర్ల లోపల, ఒకసారి హాలు మధ్యలో నిలబడి వినండి. రెండు చోట్లా ఒప్పుకోగలిగిన సెట్టింగే సరైనది.

ఎన్ని వాట్ల ఆంప్ కావాలి?

మీరు అనుకున్నదానికన్నా తక్కువ. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. చెవికి "రెట్టింపు మోత" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్ కావాలి, అంటే పది రెట్లు వాట్లు. 100 వాట్ల ఆంప్ 50 వాట్ల ఆంప్ కన్నా కాస్త గట్టిగా ఉంటుంది, అంతే. స్పీకర్ సెన్సిటివిటీ కూడా వాట్లంత ముఖ్యం. ఒక వాటుకి ఒక మీటరు దూరంలో 97 డెసిబెల్ ఇచ్చే స్పీకర్ తీసి 100 డెసిబెల్ ఇచ్చేది పెడితే, ఆంప్ వాట్లు రెట్టింపు చేసినట్టే.

100 వాట్ల ఆంపులు పుట్టిన కాలం వేరు. 1965 ప్రాంతంలో ద హూ రాక్ బృందం గిటారిస్టు పీట్ టౌన్షెండ్ అడిగినందుకే ఆంపుల తయారీదారు జిమ్ మార్షల్ 100 వాట్ల హెడ్లు (స్పీకర్ లేని విడి ఆంపులు) తయారుచేశాడు. అప్పటి పీఏ వ్యవస్థలు (హాలంతటికీ వినిపించే మైకు, స్పీకర్ల ఏర్పాటు) గొంతుకే చాలీచాలకుండా ఉండేవి, గిటార్ హాలు చివరిదాకా తన కాళ్ళ మీద తానే వెళ్ళాల్సి వచ్చేది. ఇప్పుడు మైక్ పెట్టి పీఏలోకి పంపుతున్నాం. మరోవైపు రాక్ గాయకుడు నీల్ యంగ్ గిటార్ ధ్వనికి గుండెకాయ లాంటిది 15 వాట్లకి అటూఇటూగా ఉండే చిన్న పాత ఫెండర్ ట్వీడ్ డీలక్స్.

రికార్డింగ్‌కైతే 15 నుంచి 30 వాట్లు హాయిగా సరిపోతాయి. పెద్ద ఆంప్‌కి ఉన్న లాభం మోత కాదు, గట్టిగా కొట్టినా క్లీన్‌గా నిలబడే శక్తి, దిటవైన బేస్. మీ పాటకి అవి కావాలంటే 100 వాట్లు తెచ్చుకోండి.

గట్టిగా పెడితేనే ట్యూబ్ ఆంప్ టోన్ వస్తుందంటారు. నిజమేనా?

చాలావరకు నిజం. ప్రీఆంప్‌లో (ఆంప్ తొలి దశలో) ఉండే 12ఏఎక్స్7 ట్యూబులు చిన్న వాల్యూమ్‌లోనే డిస్టార్షన్ ఇచ్చేస్తాయి. కానీ ఈఎల్34, 6ఎల్6, ఈఎల్84 లాంటి పవర్ ట్యూబులు, వాటి ముందుండే ఫేజ్ ఇన్వర్టర్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, చివరికి స్పీకర్ కాగితం కోన్ కూడా ఒళ్ళు వంచి పనిచేయాలంటే వాల్యూమ్ కావాలి. ట్యూబ్ రెక్టిఫైయర్ ఉన్న ఆంప్‌లో గట్టిగా మీటినప్పుడు సరఫరా ఓల్టేజి కాసేపు కుంగి మళ్ళీ లేస్తుంది. వేళ్ళకి తగిలే ఆ మెత్తదనం సన్నగా పెడితే రాదు.

1966లో లండన్ డెక్కా స్టూడియోలో బ్లూస్ గాయకుడు జాన్ మేయాల్ బృందంతో రికార్డ్ చేసేటప్పుడు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తన మార్షల్ కాంబోని (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) స్టేజి మీద పెట్టే స్థాయిలోనే పెట్టి వాయించాడు. ఆంప్ సన్నగా పెట్టి మైక్ దగ్గరికి తేవడం రివాజుగా ఉన్న రోజుల్లో అది పెద్ద సాహసం. ఆ తర్వాత రాక్ గిటార్ రికార్డింగ్ దారే మారిపోయింది.

కానీ దీనికి ఒక హద్దుంది. ప్రతి ఆంప్‌లోనూ ఒక చోటు వస్తుంది. అక్కడి నుంచి వాల్యూమ్ తిప్పుతుంటే మోత పెరగదు, నలగడం మాత్రమే పెరుగుతుంది. మాస్టర్ వాల్యూమ్ లేని పాత డిజైన్లలో చాలాసార్లు ఇది సగం దగ్గరే వస్తుంది. ఆ చోటుకి కాస్త ముందు ఆగండి. గిటార్ మీది వాల్యూమ్ తగ్గిస్తే క్లీన్, పెంచితే గర్జన అన్నట్టుగా ఆంప్ అక్కడ మీ చేతికి లొంగి ఉంటుంది.

హాల్లో గెయిన్ ఎంత పెట్టాలి?

ఇంట్లో పెట్టేదానికన్నా బాగా తక్కువ. డిస్టార్షన్ ధ్వనిని కంప్రెస్ చేసి ప్రతి స్వరాన్నీ సాగదీస్తుంది, హాలు రివర్బ్ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే కార్డు (chord, ఒకేసారి మోగే స్వరాల గుంపు) మారినా పాత కార్డు పోదు. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటుకి అర సెకనే. హాలు రివర్బ్ 1.8 సెకన్లైతే మూడు బీట్ల కిందటి ధ్వని ఇంకా గాల్లో తిరుగుతూనే ఉంటుంది. పామ్ మ్యూట్ రిఫ్‌లు (అరచేత్తో తీగలని అదిమి, మళ్ళీ మళ్ళీ వాయించే చిన్న ముక్కలు) వాయించేవాళ్ళకి ఇది మరీ కష్టం.

గెయిన్ తగ్గిస్తే మొదట వేళ్ళు వణుకుతాయి, తప్పులు బయటపడతాయి, సస్టెయిన్ పోయినట్టుంటుంది. ఒక టేక్ రికార్డ్ చేసి వినండి. పక్కన నిలబడి విన్నప్పుడు బోసిగా అనిపించింది రికార్డింగ్‌లో నిండుగా ఉంటుంది.

ఆంప్ ఎక్కడ పెట్టాలి?

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఈక్యూ నాబ్‌తో పోగొట్టలేని సమస్యలు అర మీటరు జరిపితే పోతాయి.

మూలలో పెడితే బేస్ ఉబ్బుతుంది. చాలా క్యాబులకి అది అక్కర్లేదు. వెనక గోడ దూరం కూడా చూసుకోవాలి. వెనక మూసి ఉన్న క్యాబ్‌ స్పీకర్లు గోడకి 1 మీటరు దూరంలో ఉంటే, గోడకి తగిలి తిరిగొచ్చే ధ్వని రెండు మీటర్లు ఎక్కువ ప్రయాణించి 86 హెర్ట్జ్ దగ్గర నేరుగా వెళ్ళే ధ్వనిని కొట్టేస్తుంది. సరిగ్గా మందర తీగ ఉన్న చోటు అది. గోడకి బాగా దగ్గరగా నెట్టండి, లేదా రెండున్నర మీటర్లకి పైగా ముందుకి లాగండి. మధ్యలో వదిలేయకండి. వెనక తెరిచి ఉన్న కాంబోకి లెక్క తిరగబడుతుంది. వెనక నుంచి వచ్చే ధ్వని ఫేజ్ తలకిందులై (ముందువైపు అల లేచేటప్పుడు ఇది దిగుతూ) ఉంటుంది కాబట్టి, గోడకి మరీ ఆనించి పెడితే బేస్ చచ్చిపోతుంది, మీటరు దూరంలో పెడితే కాస్త బలం వస్తుంది.

హాలు మధ్య గీత మీద, గోడలకి సమాంతరంగా పెట్టకండి. ఎదురెదురు గోడల మధ్య ధ్వని టపటపమని కొట్టుకుంటుంది. ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి, చప్పుడు తర్వాత "ట్ర్‌ర్" అని వినిపిస్తే అదే. క్యాబ్‌ని 15, 20 డిగ్రీలు పక్కకి తిప్పండి. పొడవు వైపు కొట్టేలా పెట్టడం నాకు ఇష్టం. మొదటి ప్రతిధ్వని ఆలస్యంగా తిరిగొస్తుంది కాబట్టి పిక్ దెబ్బకి ఊపిరి దొరుకుతుంది.

నేల చెక్కదైతే, బోలుగా అదురుతుంటే, క్యాబ్‌ని గట్టి స్టాండు మీదికో దళసరి ఫోమ్ మీదికో ఎక్కించండి. సిమెంటు నేలైతే ఆ అవసరం పెద్దగా రాదు.

ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి మంచి పద్ధతి: ఎవరో ఒకరు ఒకే రిఫ్‌ని ఆపకుండా వాయిస్తుండాలి. మీరు ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుని, ఒక చెవివైపు అరచేయి చాచి, హాలంతా నెమ్మదిగా తిరగండి. తల మోకాలి ఎత్తుకి దించి ఒకసారి, నిలబడి ఒకసారి. ఎక్కడ ధ్వని నిండుగా, తీరుగా ఉందో అక్కడ నేల మీద టేపు ముక్క అంటించండి. రూమ్ మైక్ (హాలు ధ్వనిని పట్టే దూరపు మైక్) వెళ్ళాల్సింది అక్కడికే.

ముందు నిలబడితే చెవులు చిల్లులు పడుతున్నాయి, పక్కకి జరిగితే ట్రెబులే లేదు. ఆంప్‌లో లోపమా?

లేదు. 12 అంగుళాల స్పీకర్ 1 కిలోహెర్ట్జ్ పైన ధ్వనిని టార్చి వెలుగులా ఒకే దిక్కుకి పంపుతుంది. మీ మోకాళ్ళకి ట్రెబుల్, వినేవాళ్ళ చెవులకి ఇంకొంచెం ట్రెబుల్, మీ చెవులకి మాత్రం బేస్. క్యాబ్‌ని వెనక్కి వాల్చి మీ తలవైపు చూపించండి. ఎంత గరగరగా ఉందో మీకే తెలుస్తుంది, మీరే తగ్గిస్తారు. కొన్ని ఫెండర్ ఆంపులకి పక్కన వాల్చుకునే కాళ్ళున్నది ఇందుకే.

ప్రతిధ్వని మరీ ఎక్కువగా ఉంది. కర్టెన్లు కడితే తగ్గుతుందా?

పల్చటి కర్టెన్లు ట్రెబుల్‌ని మాత్రమే తాగేస్తాయి, బేస్ హోరు అలాగే ఉంటుంది. ఫలితం ఇంకా ముద్దగా వస్తుంది. దళసరి గుడ్డని మడతలు పడేలా, గోడకి ఒక అడుగైనా ఎడంగా వేలాడదీస్తే కింది స్వరాలదాకా కొంత పని చేస్తుంది. మొత్తం హాలుని ఆపాలని చూడకుండా ఆంప్ వెనకా, రూమ్ మైక్ వెనకా మాత్రం ఏర్పాటు చేసుకోవడం మేలు. జనంతో నిండిన హాలు ఖాళీ హాలులా మోగదు. ఖాళీగా ఉన్నప్పుడు చేసిన సౌండ్ చెక్‌ని చివరిమాటగా తీసుకోకండి.

వాయిస్తుంటే ఎక్కడో గణగణమంటోంది. ఎలా పట్టుకోవాలి?

పెద్ద హాల్లో ఇది తప్పదు. లైటు ఫిట్టింగులు, కిటికీ అద్దాలు, ఏసీ గొట్టాల జాలీలు, డ్రమ్స్ స్నేర్ కింది తీగలు, ఆఖరికి తలుపు గొళ్ళెం. మందర తీగ నుంచి ఒక్కో ఫ్రెట్ నెమ్మదిగా ఎక్కుతూ ఒక్కో స్వరాన్ని నిలబెట్టండి. గణగణ ఏదో ఒక స్వరం దగ్గరే మొదలవుతుంది, ఉదాహరణకి ఐదో ఫ్రెట్‌లోని A స్వరం దగ్గర. ఆ స్వరాన్నే లూపర్‌లో (అదే ముక్కని తిప్పి తిప్పి మోగించే పెడల్‌లో) పెట్టి వదిలేసి వెతకండి. అనుమానం ఉన్న వస్తువు మీద వేలు ఆనించగానే చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే. టేపు, మడిచిన గుడ్డ, కాగితం ముక్క, ఏదైనా సరిపోతుంది.

హాలంతా వెతికినా దొరకలేదంటే ఆంప్‌నే చూడండి. ట్యూబుల మీది లోహపు కవచం, వదులైన స్క్రూ, లేదా మైక్రోఫోనిక్‌గా మారిన (అదురుని పట్టి మోగే) ప్రీఆంప్ ట్యూబ్ కావచ్చు. ఆంప్ హెడ్‌ని క్యాబ్ మీద నుంచి దించి పక్కన కుర్చీ మీద పెడితే చప్పుడు పోయిందా? అయితే అది హెడ్‌లోనే ఉంది.

దగ్గరి మైక్ ఏది, ఎక్కడ?

1965 నుంచి మార్కెట్లో ఉన్న షూర్ ఎస్ఎం57తో మొదలుపెట్టండి. చాలామందికి అక్కడితోనే పని అయిపోతుంది. మధ్య స్వరాల్లో మరింత ఒళ్ళు కావాలంటే సెన్‌హైజర్ ఎండీ421, గరగర తగ్గి మెత్తగా రావాలంటే రిబ్బన్ మైక్ (పల్చటి లోహపు రేకుతో ధ్వనిని పట్టేది).

మైక్ ఎంపిక కన్నా చోటు ముఖ్యం. క్యాబ్ గుడ్డ మీద టార్చి వేస్తే లోపల స్పీకర్ మధ్యలోని గుండ్రటి డస్ట్ క్యాప్ కనిపిస్తుంది. క్యాప్ నడిమధ్యన మైక్ పెడితే కరుకు, బయటి అంచు దగ్గర పెడితే మబ్బు. క్యాప్, కోన్ కలిసే గీత దగ్గర, గుడ్డకి మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో పెట్టి మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఒక్కో సెంటీమీటరే జరపండి. ఒక సెంటీమీటరుకి వచ్చే మార్పు ఆంప్ ట్రెబుల్ నాబ్ రెండు అంకెలు తిప్పినంత ఉంటుంది. నాలుగు స్పీకర్లున్న క్యాబ్‌లో నాలుగూ ఒకేలా మోగవు. అన్నిటినీ విని ఒకటి ఎంచుకుని, వెనక చిన్న గుర్తు పెట్టుకోండి.

గట్టిగా మోగుతున్న ఆంప్ పక్కనే ఉండి హెడ్‌ఫోన్లలో మైక్ చోటు నిర్ణయించడం కుదరదు, నేరుగా వచ్చే మోత అన్నిటినీ కప్పేస్తుంది. చిన్న ముక్క రికార్డ్ చేయండి, ఆపండి, వినండి, జరపండి. ఓపిక పట్టాల్సిన పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

ఇంత మోతకి కండెన్సర్, రిబ్బన్ మైకులు పాడవవా?

లెక్క చూసుకోండి. 98 డెసిబెల్ సెన్సిటివిటీ స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తే ఒక మీటరు దూరంలోనే 118 డెసిబెల్. కోన్ ముందు 130 దాటడం మామూలే. నాయ్‌మన్ యు87 ఏఐ ప్యాడ్ (లెవెల్ తగ్గించే స్విచ్) లేకుండా 117, ప్యాడ్ వేస్తే 127 డెసిబెల్ దాకా తట్టుకుంటుంది. దాన్ని కోన్‌కి ఆనించి పెడితే మైక్ లోపలే క్లిప్ అవుతుంది. మీటరు, రెండు మీటర్ల వెనక అదే మైక్ అద్భుతంగా ఉంటుంది.

రిబ్బన్‌కి మోత కన్నా గాలి దెబ్బ ప్రమాదం. రాయర్ ఆర్-121 లాంటి కొత్త రకాలు 135 డెసిబెల్ దాకా తట్టుకుంటాయి. పాతవాటిని అడుగు దూరంలో, కాస్త ఏటవాలుగా పెట్టండి. పాత రిబ్బన్ తగిలించి ఉన్నప్పుడు ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్ గుండా పంపే కరెంటు) ఆన్ చేయకండి. కేబుల్‌లో చిన్న లోపమున్నా రిబ్బన్ పోతుంది.

రూమ్ మైక్ ఎంత దూరంలో పెట్టాలి?

హాలు తీసుకున్నదే దీనికోసం కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

ధ్వని మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు వెళ్తుంది. 3 మీటర్ల దూరంలో మైక్‌కి 9 మిల్లీసెకన్లు, 6 మీటర్లకి 17, 10 మీటర్లకి 29 మిల్లీసెకన్లు ఆలస్యం. సుమారు 30 దాకా చెవి దాన్ని విడి ఎకోగా కాకుండా అదే దెబ్బలో లావుగా వింటుంది. అది దాటితే పిక్ దెబ్బ రెండుసార్లు పడ్డట్టుంటుంది. వేగమైన రిఫ్‌లకి 3 నుంచి 5 మీటర్లు, నెమ్మదైన పాటలకి 8, 10 మీటర్లు మంచి మొదలు.

మైక్ ఎత్తు మర్చిపోకండి. స్పీకర్ అర మీటరు ఎత్తులో, మైక్ ఒకటిన్నర మీటర్ల ఎత్తులో, మధ్య దూరం 3 మీటర్లు అనుకుందాం. నేలకి తగిలి వచ్చే ధ్వని నేరుగా వచ్చేదానికన్నా 44 సెంటీమీటర్లు ఎక్కువ నడుస్తుంది. దానివల్ల 390 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది. గిటార్ ఒళ్ళంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. మైక్‌ని నేల మీదే పడుకోబెడితే ఈ గొయ్యి పోతుంది. లేదా ఆంప్‌కీ మైక్‌కీ మధ్య నేల మీద దళసరి కార్పెట్, పరుపు లాంటిది వేస్తే తగ్గుతుంది.

మైక్‌ని ఆంప్ వైపే తిప్పాలని నియమం లేదు. కార్డియాయిడ్ మైక్ (ముందువైపు ధ్వనినే ఎక్కువ పట్టేది) వీపుని ఆంప్‌కి పెట్టి, ముఖాన్ని ఎదుటి గోడకి పెట్టి చూడండి. నేరుగా వచ్చే ధ్వని తగ్గి, హాలు ఒక్కటే వస్తుంది. అప్పుడు దగ్గరి మైక్‌తో కలపడం చాలా తేలిక. స్టీరియో కావాలంటే రెండు ఓమ్ని మైకులని (అన్ని దిక్కుల ధ్వనినీ పట్టేవి) రెండు మూడు మీటర్ల ఎడంగా పెట్టండి. మిక్స్‌లో రూమ్ ట్రాక్ బేస్‌ని 100, 150 హెర్ట్జ్ కింద కోసేస్తే బేస్ గిటార్‌కి, కిక్ డ్రమ్‌కి చోటు మిగులుతుంది.

రెండు మైకులు కలిపితే ధ్వని పల్చబడిపోయింది. ఎందుకు?

ఫేజ్. ఒకే ధ్వని రెండు వేర్వేరు క్షణాల్లో చేరితే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ముందు ఒక ట్రాక్ పోలారిటీ తిప్పి (అలని తలకిందులు చేసి) వినండి, ఎందులో బేస్ ఎక్కువుంటే అది ఉంచండి. క్యాబ్‌కి దగ్గరున్న రెండు మైకులైతే వాటి క్యాప్సూళ్ళు కోన్‌కి సరిగ్గా సమాన దూరంలో ఉండేలా జరపండి. రూమ్ మైక్‌ని మాత్రం సాఫ్ట్‌వేర్‌లో ముందుకి లాగి దగ్గరి మైక్‌తో అతికించాలని చూడకండి. ఆ ఆలస్యమే హాలు. దాన్ని తీసేస్తే ఇంత దూరం వచ్చి ప్రయోజనం లేదు.

రికార్డింగ్ లెవెల్?

24 బిట్‌లో పీకులు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉంటే చాలు. ప్రీఆంప్ ఎర్ర లైటు వెలుగుతుంటే గెయిన్ తగ్గించడమే కాదు, ప్యాడ్ కూడా వేయండి.

డ్రమ్స్‌తో కలిపి ఒకేసారి రికార్డ్ చేయొచ్చా?

చేయొచ్చు, బాగా వస్తే దానికి సాటి లేదు. కానీ గిటార్ డ్రమ్స్ మైకుల్లోకి కారుతుందని ముందే ఒప్పుకోవాలి. తర్వాత గిటార్ భాగాన్ని మార్చి వాయించడం కుదరదు, పాతది డ్రమ్స్ మైకుల్లో వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఆంప్ మోతని డ్రమ్మర్ మోతకి సమానంగా పెట్టండి, మించకండి. ఓవర్‌హెడ్ మైకుల్లో గిటార్ విడిగా వినడానికి కూడా బాగుందంటే మీ అమరిక సరిగ్గా ఉన్నట్టే. ఆంప్‌కీ డ్రమ్స్‌కీ మధ్య ఛాతీ ఎత్తు అడ్డు పెడితే ట్రెబుల్ కారడం తగ్గుతుంది, వాయించేవాళ్ళకి ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది.

ముందే డీఐ (ఆంప్ లేకుండా గిటార్ సిగ్నల్‌ని నేరుగా) రికార్డ్ చేసుకుని, హాల్లో రీఆంప్ చేస్తే (ఆ ట్రాక్‌ని ఆంప్‌లోకి పంపి మోగిస్తే) సరిపోదా?

హాలు కొద్ది గంటలే దొరికితే ఇదే తెలివైన పని. వాయించడం ముందే అయిపోయి ఉంటుంది, హాల్లో సమయమంతా ఆంప్, మైకులు జరపడానికే వాడుకోవచ్చు. రీఆంప్ బాక్స్ తప్పనిసరి. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌ని నేరుగా ఆంప్‌లో పెడితే లెవెల్, ఇంపీడెన్స్ కుదరవు.

పోయేది ఒకటుంది. గట్టిగా మోగుతున్న ఆంప్ ముందు నిలబడితే గాలి అదురు గిటార్ చెక్కకి, తీగలకి తగిలి స్వరం ఆగకుండా సాగుతుంది. డీఐ ట్రాక్‌లో అది ఉండదు. రిథమ్ భాగాలు రీఆంప్ చేయండి, సోలోలు హాల్లోనే వాయించండి.

ఇంపల్స్ రెస్పాన్స్‌తో (హాలు మోగే తీరుని పట్టిన రికార్డుతో) హాలుని కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చుగా?

మైకులు ఎలాగూ పెట్టారు కాబట్టి, సెషన్ చివర ఒక సైన్ స్వీప్ (కింది స్వరం నుంచి పైదాకా జారే ధ్వని) మోగించి తీసుకోండి, తర్వాత పనికొస్తుంది. కానీ అది ఒక చోటు నుంచి ఇంకో చోటికి హాలు ఎలా మోగుతుందో చెప్పే నిశ్చలమైన చిత్రం. స్పీకర్ ఒత్తిడికి నలగడం, పైన చెప్పిన తీగల స్పందన అందులో రావు.

కావాల్సిన ఫీడ్‌బ్యాక్ ఎలా, అక్కర్లేనిది ఎలా ఆపాలి?

సంగీతంలా పాడే ఫీడ్‌బ్యాక్ మీరు నిలబడిన చోటుని బట్టి ఉంటుంది. ఒక స్వరం పట్టుకుని ఆంప్ వైపు తిరిగి అర అడుగు చొప్పున ముందుకి, వెనక్కి నడవండి. ఒక చోట మూల స్వరం, ఇంకో చోట దాని సప్తకం పూస్తాయి. ఏ స్వరానికి ఏ చోటో నేల మీద టేపు వేసుకుంటే ప్రతి టేక్‌లో రప్పించొచ్చు. కీచుమనేది వేరు. అది తీగలది కాదు, పికప్ చుట్టలు వదులై మైక్‌లా పనిచేయడం. దానికి పికప్‌ని మైనంలో ముంచి బిగించాలి.

ఎటెన్యుయేటర్ వాడొచ్చా?

ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి కొన్ని డెసిబెల్ తగ్గించడానికి మంచిదే. 3 నుంచి 6 డెసిబెల్ తగ్గిస్తే తేడా పెద్దగా తెలియదు. 20 తగ్గిస్తే స్పీకర్ నలగదు, చెవి కూడా తక్కువ మోతలో బేస్, ట్రెబుల్ తక్కువగా వింటుంది, టోన్ మారినట్టే ఉంటుంది. అంత తగ్గించాల్సి వస్తే చిన్న ఆంప్ తెచ్చుకోవడం నయం.

హమ్ పోవడం లేదు. ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందట కదా?

తీయకండి. ఎప్పుడూ. ఆంప్ లోపల 400, 500 ఓల్టులుంటాయి. ఎర్త్ లేని ఆంప్‌లో చిన్న లోపం వస్తే ఆ కరెంటు గిటార్ తీగల మీదుగా మీ ఒంట్లోకి వచ్చి, పెదాలకి తగిలిన గొంతు మైక్ ద్వారా వెళ్ళిపోతుంది. ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. ఆంపులు, పెడల్స్, ఇంటర్‌ఫేస్ అన్నిటినీ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి ఇవ్వండి. అప్పటికీ ఉంటే ఆడియో దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ పెట్టండి. సింగిల్ కాయిల్ గిటార్‌తో మీరు ఇటూ అటూ తిరుగుతుంటే హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉందా? అది ఎర్త్ లూప్ (రెండు ఎర్త్ దారుల వల్ల వచ్చే హమ్) కాదు. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, హమ్ తగ్గిన కోణంలో నిలబడండి.

స్పీకర్ కేబుల్, ఓంల విషయంలో జాగ్రత్తలు?

స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌ని మోగించకండి. లోడ్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఓల్టేజి ఎగసి ట్రాన్స్‌ఫార్మర్ గానీ ట్యూబ్ సాకెట్లు గానీ కాలిపోతాయి. గిటార్ కేబుల్‌ని స్పీకర్ కేబుల్‌గా వాడకండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి తీగ అంత కరెంటుకి చాలదు. ఆంప్ మీది ఓంలు క్యాబ్ ఓంలతో కలవాలి. 8 ఓంల క్యాబులు రెండు సమాంతరంగా పెడితే 4 ఓంలు.

ఇంకొకటి: పూర్తిగా నలిగిన 100 వాట్ల ఆంప్ 100 కన్నా బాగా ఎక్కువే ఇవ్వగలదు. 25 వాట్ల స్పీకర్లు నాలుగున్న క్యాబ్‌కి అది సరిగ్గా హద్దు మీద ఉన్నట్టు. గట్టిగా మోగించే ఉద్దేశం ఉంటే ఇంకాస్త తట్టుకునే స్పీకర్లు పెట్టించండి.

చెవుల సంగతి?

పనిచేసేవాళ్ళ ఆరోగ్య భద్రత చూసే అమెరికా నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్ మోతలో రోజుకి 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్‌కీ సగం సమయం. 94కి ఒక గంట. 100కి 15 నిమిషాలు. 110కి రెండు నిమిషాలైనా లేదు. హాల్లో ఆంప్ ముందు 110 చాలా తేలిగ్గా వస్తుంది. పోయిన వినికిడి తిరిగి రాదు, గుయ్‌మనే రొద కొందరికి జీవితాంతం ఉండిపోతుంది. ఫోమ్ ప్లగ్గులు ట్రెబుల్‌ని ఎక్కువ కోస్తాయి. సంగీతకారుల కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్గులు అన్ని స్వరాలనీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, వాటితోనే టోన్ సర్దుకోవచ్చు. మైక్ జరపడానికి వెళ్ళేవాళ్ళు ముందు ఆంప్ స్టాండ్‌బైలో పెట్టించి, ఆ తర్వాతే కోన్ ముందు వంగాలి.

అయిపోయాక వెంటనే సర్దేయొచ్చా?

మైకులు తీయకముందు రెండు పనులు చేయండి. పాటలో వాడిన ప్రతి కార్డునీ ఒక్కొక్కటిగా మీటి, అది పూర్తిగా సద్దుమణిగేదాకా రికార్డ్ చేయండి. తర్వాత ఎక్కడైనా చివర తెగిపోతే అతికించుకోవచ్చు. మైకుల దూరాలు టేపుతో కొలిచి, నాబులతో సహా ఫోటో తీసుకోండి. ఆ తర్వాత ఆంప్ ఆఫ్ చేసి ట్యూబులు చేతికి వేడి తగలనంత చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు కుదుపు తగిలితే లోపలి సన్నటి తీగలు దెబ్బతింటాయి. పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆలోగా కేబుళ్ళు చుట్టుకోవచ్చు, నేల మీది టేపు ముక్కలు ఊడదీయొచ్చు.